గాయపడిన గద్ద మీ మేడ మీద వాలితే

శ్రోతలకు నమస్కారం. సంక్రాంతి వెళ్లిపోయింది. హైదరాబాద్ వేపకొమ్మల్లో, కరెంటు తీగల మీద గాలిపటాల దారం, మాంజా మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా గద్దలు, గుడ్లగూబలు, కొంగలు రెక్కలు తెగి రాలుతూనే ఉన్నాయి. నాకు ఇది పండుగకు పట్టిన మచ్చలా కనిపిస్తుంది.

పడిపోయిన పక్షిని చూడగానే మన చేయి నీళ్ల గ్లాసు వైపు వెళుతుంది. దయచేసి ఆగండి. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే, గాయాన్ని తట్టుకున్న పక్షి కూడా ఆ నీళ్లకే చనిపోతుంది. పాలు, అన్నం కూడా వద్దు. పాత తువ్వాలు ఒకటి తల మీదుగా కప్పండి. చీకటి కమ్మితే దాని బెదురు తగ్గుతుంది. గద్దకు ముక్కు కన్నా గోళ్లే పదును, కాళ్ల దగ్గర జాగ్రత్త. గాలి ఆడేలా చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో ఉంచి, సందడి లేని మూలన పెట్టండి. ఒంట్లో దిగిన దారాన్ని లాగకండి. రెండు పక్కలా కత్తిరించి, గాయంలోని ముక్కను వైద్యుడికి వదిలేయండి.

వెంటనే అటవీశాఖకు ఫోను చేయండి. నంబరు దొరకకపోతే 112కు చెప్పి, అటవీ సిబ్బందికి కబురు అందించమనండి. జాలితో ఇంట్లోనే సాకుదామనుకునేవారు ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, చేతికొచ్చిన వన్యప్రాణి గురించి 48 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి.

విదేశీ జంతువుల సంగతి ఇంకొకటి. కంటి వెనుక ఎర్రచార ఉండే అమెరికా తాబేలును రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొంటారు. అది దాదాపు అడుగు పొడవు పెరిగి, దశాబ్దాలు బతుకుతుంది. విసిగి చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండికీ, చోటుకీ పోటీ పడుతుంది. ఎవరింటి నుంచో తప్పించుకొచ్చిన ఇగువానా అనే పెద్ద బల్లి, విదేశీ కొండచిలువ ఎదురైనా చెరువుకో అడవికో చేర్చవద్దు. వాటికీ అటవీశాఖకే ఫోను చేయండి.

పక్షిని అప్పగించేటప్పుడు అది దొరికిన వీధి పేరు పెట్టె మీద రాయండి. ఈ చలికాలం గద్దలు గూడు కట్టే కాలం. కోలుకున్నాక దాన్ని ఆ చుట్టుపక్కలే వదలాలి. ఏ చెట్టు మీదో దాని జత ఇంకా కాచుకుని ఉండవచ్చు.