ఆర్‌ఎన్‌ఐ నంబరు వస్తే ఏమొస్తుంది, ఏం రాదు?

నమస్తే అండి. నేరుగా విషయంలోకి వెళ్దాం, ఎందుకంటే ఈ మాట విని విని విసుగొచ్చేసింది. ఆర్‌ఎన్‌ఐ నంబరు అంటే పత్రికలకి ఢిల్లీలో ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు. "అన్నా, మా పేపరుకి ఆర్‌ఎన్‌ఐ వచ్చేసింది. ఇక మేం గవర్నమెంటు గుర్తింపు పొందిన జర్నలిస్టులమే కదా?" కాదు. "మరి అక్రిడిటేషన్ కార్డులు, అదే ప్రభుత్వం జర్నలిస్టులకిచ్చే గుర్తింపు కార్డులు, ఎన్నిస్తారు?" ఆర్‌ఎన్‌ఐ వాళ్లు అవేవీ ఇవ్వరు. "పోనీ బండి మీద ప్రెస్ అని రాసుకోవచ్చా?"

సరే, బండి దగ్గరే మొదలుపెడదాం.

మీరు కొత్త బండి కొన్నారు. ఆర్‌టీఏలో రిజిస్ట్రేషన్ అయింది, ఆర్‌సీ చేతికొచ్చింది. ఆ ఆర్‌సీ ఏం చెబుతోంది? ఫలానా నంబరు బండి ఫలానా మనిషిది అని. మీకు నడపడం వచ్చని చెప్పదు. మీరు మంచివాళ్లని కూడా చెప్పదు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే ఎవరి ఇంటికి వెళ్లాలో మాత్రం చెబుతుంది. పత్రిక రిజిస్ట్రేషన్ కూడా అంతే. పేరు ఎవరిది, అచ్చువేసేది ఎక్కడ, ప్రచురించేది ఎవరు, ఎడిటర్ ఎవరు, రేపు కేసు పడితే ఎవరిని పిలవాలి. దాని పని అక్కడితో సరి.

ఇది నా సొంత కవిత్వం కాదు, ఈ చట్టం పుట్టుకే అలాంటిది. 1857 తిరుగుబాటు అయిన పదేళ్లకి, 1867లో, బ్రిటిష్‌వాళ్లు ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ యాక్ట్ తెచ్చారు. పీఆర్‌బీ చట్టం అంటాం కదా, అదే. ఎవడు ఎక్కడ ఏం అచ్చు వేస్తున్నాడో ప్రభుత్వానికి తెలియాలి. గుర్తింపు ఇచ్చి గౌరవిద్దామని కాదు, ఆచూకీ ఉండాలని. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ప్రెస్ కమిషన్ చెబితే, 1956 జులైలో రిజిస్ట్రార్ ఆఫ్ న్యూస్‌పేపర్స్ ఫర్ ఇండియా అని ఢిల్లీలో ఆఫీసు పెట్టారు. ఆర్‌ఎన్‌ఐ అంటే అదన్నమాట.

ఇప్పుడు ఆ పేరు కూడా లేదు. 2023లో ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ యాక్ట్ పాసైంది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. 1867 చట్టం పోయింది. ఆర్‌ఎన్‌ఐ కాస్తా ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ ఆఫ్ ఇండియా, పీఆర్‌జీఐ అయింది. తమాషా ఏంటంటే, సరిగ్గా అదే నెలలో తెలంగాణలో కొత్త బళ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. టీఎస్ నంబరు ఉన్న బండి చెల్లకుండా పోయిందా? లేదు కదా. పాత ఆర్‌ఎన్‌ఐ నంబరూ అంతే, చెల్లుతుంది. జనం నోట్లో ఇంకా ఆర్‌ఎన్‌ఐ అనే ఉంది కాబట్టి నేనూ అలాగే అంటాను, ఏమనుకోకండి.

(స్క్రీన్ మీద: టైటిల్)

ఇప్పుడు అసలు తలనొప్పి. పేరు.

చట్టం చెప్పేది ఇది: ఒకే భాషలో అయితే దేశంలో ఎక్కడా, వేరే భాషల్లో అయితే అదే రాష్ట్రంలో, ఇంకో యజమాని దగ్గర అదే పేరు గానీ దాన్ని పోలిన పేరు గానీ ఉండకూడదు. మెల్లగా చూద్దాం. మీకు "తొలకరి" అని మాసపత్రిక పెట్టాలని ఉంది. ఊరికే అనుకుందాం, ఆ పేరుతో పత్రిక ఉందో లేదో వెతుక్కోవడం మీ పని. బెంగళూరులో ఎవరో తెలుగాయన ఆ పేరు ఎప్పుడో తీసుకుని ఉంటే, గుంటూరులో మీకు రాదు. రాష్ట్రం వేరే అయినా భాష ఒకటే కదా. పూణేలో అదే పేరుతో మరాఠీ పత్రిక ఉంటే మీకేం ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక ఉంటే? తెలంగాణలో మీకు దొరకదు. అదే బెజవాడ నుంచి వేస్తే ఆ అడ్డు ఉండదు.

దీన్ని చాదస్తం అంటారు కొందరు. నాకైతే సబబుగానే అనిపిస్తుంది. ఆంధ్రపత్రిక 1908లో పుట్టింది బొంబాయిలో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అక్కడ వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. తెలుగు పత్రిక ఎక్కడి నుంచైనా వస్తుంది, తెలుగు పాఠకుడు ఎక్కడైనా ఉంటాడు. అలాంటప్పుడు పేరు హక్కుని రాష్ట్రం గీత దగ్గర ఆపితే ఎలా?

బండి పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది. బండి నంబరు ఆర్‌టీఏ వాళ్లిస్తారు, పత్రిక పేరు మనం అడుగుతాం. ఫ్యాన్సీ నంబరు కోసం దరఖాస్తు పెట్టినట్టు అనుకోండి. మనకంటే ముందు ఎవరో కట్టేసుకుని ఉంటారు. అందుకే ఇష్టమైన పేరు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. రెండు మూడు ప్రత్యామ్నాయాలు పెట్టుకోండి. ఉన్న పెద్ద పేపరు పేరుకి ముందు "నవ" అనో వెనక "టుడే" అనో తగిలిస్తే కొత్త పేరు అయిపోదు. "పోలిన పేరు" అనే మాట చట్టంలో ఉన్నది మనలాంటి తెలివైనవాళ్ల కోసమే.

ఇంకొకటి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పాత పద్ధతిలో ముందు టైటిల్ ఒక్కటే ఖరారయ్యేది. దానికో టైటిల్ కోడ్ ఇచ్చేవాళ్లు. ఏపీటీఈఎల్ అని ఇంగ్లీషు అక్షరాలు, పక్కనే అంకెలు. అసలు రిజిస్ట్రేషన్ నంబరు అలా ఉండదు: అక్షరాల తర్వాత ఏటవాలు గీత (/), సంవత్సరం, మళ్లీ ఏటవాలు గీత, వరుస నంబరు. టైటిల్ కోడ్ రాగానే దాన్నే "ఆర్‌ఎన్‌ఐ నంబర్" అని మొదటి పేజీలో కొట్టేసుకుని సంవత్సరాలు నడిపిన పేపర్లు నాకు తెలుసు. కొత్త బండికి టీఆర్ కాగితం, అదే తాత్కాలిక రిజిస్ట్రేషన్, అంటిస్తారు కదా, దాంతోనే జీవితాంతం తిరిగినట్టు. మీ చేతిలో ఉన్న పేపరు తీసి చూడండి, ఆ నంబరులో ఏటవాలు గీతలు ఉన్నాయా లేవా అని.

(స్క్రీన్ మీద: ఎలా చేయాలి)

వెనకటికి ఎలా ఉండేదంటే, ఆన్‌లైన్‌లో టైటిల్ దరఖాస్తు, దాని ప్రింటు తీసి కలెక్టరేట్‌లో ఇవ్వడం, అక్కణ్నుంచి ఢిల్లీ. టైటిల్ వచ్చాక మళ్లీ కలెక్టరేట్, ప్రింటరు, పబ్లిషరు డిక్లరేషన్లు. ఆ తర్వాత మొదటి సంచిక అచ్చేసి, దాన్ని జతచేసి మళ్లీ ఢిల్లీకి. ఫైలు ఏ బల్ల మీద ఉందో ఆ బల్లకే తెలియాలి.

కొత్త చట్టంలో టైటిల్‌కీ రిజిస్ట్రేషన్‌కీ ఒకటే దరఖాస్తు, ప్రెస్ సేవా పోర్టల్‌లో. సంతకం ఆధార్‌తో ఈ-సైన్, ఫీజు ఆన్‌లైన్, సర్టిఫికెట్ క్యూఆర్ కోడ్‌తో వస్తుంది. ప్రింటింగ్ ప్రెస్ పెట్టేవాళ్లు ఇదివరకట్లా మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వక్కర్లేదు, ఆన్‌లైన్‌లో తెలియజేస్తే చాలు. కలెక్టర్ గారి అభిప్రాయం ఇప్పటికీ అడుగుతారు గానీ, గడువు 60 రోజులు. ఆలోగా జవాబు రాకపోతే రిజిస్ట్రార్ జనరలే నిర్ణయం తీసుకోవచ్చు. నన్నడిగితే ఈ చట్టం మొత్తంలో పనికొచ్చే మార్పు ఈ ఒక్క వాక్యమే.

ఇక ఎవరికి ఇవ్వరు? ఉగ్రవాద చర్యలో, చట్టవిరుద్ధ కార్యకలాపాల్లో శిక్ష పడినవాళ్లకి, దేశ భద్రతకి వ్యతిరేకంగా పనిచేసినవాళ్లకి. ఆ చివరిది ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు అన్నదాని మీద పత్రికలవాళ్లకి అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. కాదంటే అప్పీలుకి వెళ్లొచ్చు. ప్రెస్ కౌన్సిల్ చైర్‌పర్సన్, ఇద్దరు సభ్యులతో బోర్డు ఉంటుంది, 60 రోజుల్లోపు వెళ్లాలి.

సంచిక తయారీలో ఒక్క చోట చూసుకోండి. చివరి పేజీ అడుగున చీమతలంత అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: "ఫలానా వారి తరఫున ఫలానా వారు, ఫలానా ప్రెస్సు, ఫలానా వీధిలో ముద్రించి, ఫలానా చోటు నుంచి ప్రచురించడమైనది. ఎడిటర్: ఫలానా." దాన్ని ఇంప్రింట్ లైన్ అంటారు. మీ నంబరు ప్లేటు అదే. మీ దరఖాస్తులో ఒక ప్రెస్సు, ఇక్కడ ఇంకో ప్రెస్సు ఉంటే చిక్కే. పేజీ నిండట్లేదనో ప్రకటన పట్టట్లేదనో కంప్యూటర్‌లో పేజీలు పెట్టే డీటీపీ కుర్రాడు మొదట లేపేసేది దీన్నే. సంపుటి, సంచిక నంబరు, తేదీ, ప్రతి పేజీ మీదా పత్రిక పేరు, ఇవీ అంతే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

ఏటా వార్షిక నివేదిక వేయాలి, మామూలుగా మే 31లోపు. బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటిది, అందరూ మర్చిపోయేదీ ఇదే. మొదటిసారి ఎగ్గొడితే 20 వేల దాకా జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే 2 లక్షల దాకా. అసలు రిజిస్ట్రేషనే లేకుండా వేస్తే 5 లక్షల దాకా. ఆపమని చెప్పాక ఆరు నెలలైనా ఆపకపోతే ఆరు నెలల జైలు కూడా ఉంది.

యూట్యూబ్ ఛానల్‌కి, వెబ్‌సైట్‌కి ఆర్‌ఎన్‌ఐ రాదు. రానే రాదు. ఈ చట్టం అచ్చు వేసేవాటికే. డిజిటల్ వార్తలకి 2021 ఐటీ రూల్స్ ఉన్నాయి, సమాచార ప్రసార శాఖకి వివరాలు ఇవ్వాలి, అది వేరే లెక్క. విమానం కొని ఆర్‌టీఏ ఆఫీసు ముందు నిలబడితే ఏం లాభం? వాట్సాప్‌లో పీడీఎఫ్ మాత్రమే తిప్పే "దినపత్రిక" కూడా ఇదే బాపతు. పుస్తకాలు, సైన్సు, టెక్నికల్, అకడమిక్ జర్నల్స్ అసలు ఈ చట్టం పరిధిలోనే లేవు. లెక్చరర్లు అడిగే ఐఎస్‌ఎస్‌ఎన్, అదే జర్నల్స్‌కిచ్చే అంతర్జాతీయ నంబరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

అక్రిడిటేషన్ కావాలంటే రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖ, కేంద్రంలో పీఐబీ, అదే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు కావాలంటే సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్, పాతపేరు డీఏవీపీ. పోస్టల్ రాయితీ కావాలంటే తపాలా శాఖ. ఎక్కడికక్కడ వేరే దరఖాస్తు, వేరే నిబంధనలు. వీటన్నిటికీ ముందు ఆర్‌సీ చూపించమంటారు, అందుకే జనం ఆర్‌సీనే డ్రైవింగ్ లైసెన్సు అనుకుంటున్నారు.

బండి మీద స్టిక్కర్ సంగతి చెప్పలేదు కదా. దానికి పీఆర్‌జీఐ దగ్గర ఏ ఫారమూ లేదు. టైటిల్ వెతికే పద్ధతి స్క్రీన్ రికార్డింగ్‌తో ఇంకో వీడియోలో చూపిస్తా.