ఎడారి లోయలోకి ఒంటరిగా

సభకు నమస్కారం.

అమెరికా నైరుతి మూలన ఉటా, ఆరిజోనా రాష్ట్రాల్లో కారేసుకుని ఒక్కరే తిరగడం, పగటిపూట లోయల్లో నడవడం, చీకటి పడేలోగా పైకొచ్చి మళ్ళీ కారెక్కడం. ఈ రకం ప్రయాణం గురించి మాట్లాడమన్నారు. నాకు ప్రాణమైన విషయం. ఇందులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: ఎక్కడ వెనక్కి తిరగాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి. ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళేవాళ్ళు.

కొండెక్కేటప్పుడు ఆయాసం ముందే వస్తుంది. ఇక మన వల్ల కాదనిపిస్తే దిగిపోవచ్చు. లోయలో వ్యవహారం తలకిందులు. పొద్దున్నే చల్లగాలికి హాయిగా దిగిపోతాం, కాళ్ళు వాటంతటవే సాగుతాయి. ఎక్కాల్సింది మాత్రం ఎండ ముదిరాక, ఒంట్లో శక్తి తగ్గాక. ఆరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కులో సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు, సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది, కొలరాడో నది అక్కడికి దాదాపు మైలు లోతున పారుతుంది. దిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. వేసవిలో అడుగున 38 డిగ్రీలు దాటడం మామూలే. ఒక్కరోజులో నది దాకా వెళ్ళి తిరిగి వచ్చే ప్రయత్నం చేయొద్దని పార్క్ వాళ్ళు బోర్డులు పెట్టి మరీ చెబుతారు. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పడుతుందని లెక్కేసుకోండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది సౌత్ రిమ్ నుంచి కిందికి దిగే నడకదారి, సౌత్ కైబాబ్ ట్రెయిల్, అదీ సీడర్ రిడ్జ్ అనే చోటు వరకే. ట్రెయిల్ మొదటికి సొంత కారు పోనివ్వరు, పార్క్ షటిల్ బస్సులో వెళ్ళాలి. సీడర్ రిడ్జ్ ఒకటిన్నర మైళ్ళు, 1,100 అడుగులకు పైగా దిగుడు. దారి పొడవునా చుక్క నీరు దొరకదు. ఈ కొద్ది దూరంలోనే ఎంత చూడొచ్చో చెబుతాను. పైన మనం అడుగుపెట్టేది కైబాబ్ సున్నపురాయి మీద. సుమారు 27 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగు అది, గవ్వజీవుల శిలాజాలు ఇప్పటికీ అందులో ఉన్నాయి. ఇంకాస్త దిగితే కొకొనినో ఇసుకరాయి వస్తుంది. అక్కడ తప్పకుండా ఆగండి. లేత పసుపు గోడ మీద సన్నటి గీతలు ఏటవాలుగా సాగుతూ, ఒకచోట తెగి, దాని మీదుగా ఇంకో వాలులో మళ్ళీ మొదలవుతాయి. అవి ఒకప్పుడు గాలి పేర్చిన ఇసుకదిబ్బల వాలులు. దిబ్బలు దిబ్బలుగానే రాయి అయిపోయాయి. ఆ గరుకు మీద వేలు పెట్టి ఒక గీత వెంట నడిపిస్తే, ఏనాటి గాలో ఎటు వీచిందో వేలికి తెలుస్తుంది. పక్కన మాట్లాడేవాళ్ళుంటే అంతసేపు ఎవరూ నిలబడరు. ఒంటరి నడకను నేను ఇంతగా కోరుకునేది అందుకే.

సీడర్ రిడ్జ్ దగ్గర నేలంతా ఎర్రమట్టి. ఇంకొంచెం దిగుదామని మనసు లాగేది అక్కడే. స్నేహితులుంటే ఎవరో ఒకరు “చాల్లే, పోదాం పద” అంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మాట అనేది మన చేతి గడియారమే. తిరిగే టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తెచ్చుకున్న నీళ్ళలో మూడో వంతు అయిపోతే, టైము కాకపోయినా వెనక్కి తిరగాల్సిందే.

నీళ్ళ గురించి ఒక ముఖ్యమైన మాట. పొడిగాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి పట్టిందనే తెలియదు. బ్యాగు పట్టీల మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే ఒంట్లోంచి ఎంత పోయిందో అర్థమవుతుంది. ఏమీ తినకుండా నీళ్ళు మాత్రమే తెగ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, ముదిరితే ప్రాణం మీదికే. ఉప్పుగా ఉండేవి ఏవైనా తింటూ తాగండి.

ఇరుకు లోయల్లో ప్రమాదం వేరు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది వరదలో చనిపోయారు. కుండపోత పడింది అక్కడ కాదు, ఎగువన మైళ్ళ దూరంలో. రాతినేల నీటిని పీల్చుకోదు, పడిందంతా సన్నటి సందులోకి ఒక్కసారిగా వచ్చేస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, ఆ పొద్దున రేంజర్లని అడగకుండా అలాంటి చోట్లకి దిగకండి.

ఇక ఒంటరితనం. 2003లో ఉటాలోని బ్లూజాన్ కాన్యన్‌లో ఆరన్ రాల్‌స్టన్ చేయి బండరాయి కింద ఇరుక్కుపోయింది. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు, కాబట్టి అక్కడ వెతకడానికి ఎవరూ రాలేదు. ఐదు రోజులు అలాగే ఉండి, తన చేయి తనే కోసుకుని బయటపడ్డాడు. మీరు ఏ ట్రెయిల్‌కి వెళ్తున్నారో, కారు ఎక్కడ పెడుతున్నారో, ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒకరికి రాసివ్వండి. లోయలో సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకండి.

ఆ టైము రాసేటప్పుడు ఏ ఊరి టైమో కూడా రాయండి. వేసవిలో ఉటా గడియారం ఆరిజోనా కంటే గంట ముందుంటుంది. ఎక్కువ భాగం ఆరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్, అంటే నవాహో తెగవాళ్ళ స్వపరిపాలన ప్రాంతం, కూడా ఉటా టైమే పాటిస్తుంది. రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గరున్న పేజ్ ఊరి చుట్టుపక్కల కారులో తిరుగుతుంటే ఫోన్‌లో టైము ముందుకీ వెనక్కీ గెంతుతూనే ఉంటుంది. ఏ ఊరి టైమో రాయకపోతే ఇంట్లోవాళ్ళు గంటసేపు ఊరికే టెన్షన్ పడతారు, లేదా గంట ఆలస్యంగా కంగారుపడతారు. రెండోది మరీ ప్రమాదం.

వెళ్ళాలనుకుంటే అక్టోబరు చూసుకోండి, పగలు చల్లబడుతుంది, వానల కాలం దాటిపోతుంది. సౌత్ కైబాబ్ మ్యాప్ తెచ్చాను, ఈ బల్ల మీదే పరుస్తాను. దగ్గరికి రండి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.