ఐరాస నిపుణుల నివేదికతో కలెక్టరేటు మెట్లెక్కే ముందు
(అనంతపురంలో హక్కుల కార్యకర్తల శిక్షణ కోసం రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఐరాస నిపుణుల నివేదికను ఆధారంగా చూపిస్తూ సోమవారం గ్రీవెన్సులో ఇచ్చే అర్జీలో ‘ఐక్యరాజ్యసమితి ఆదేశించింది’ అని రాశామంటే మన కేసు మనమే చెడగొట్టుకున్నట్టు. దేశాల్లో హక్కుల పరిస్థితిని పరిశీలించి నివేదికలిచ్చే ప్రత్యేక ప్రతినిధులు (స్పెషల్ రాపోర్టర్లు) ఐరాస ఉద్యోగులు కారు. జీతం తీసుకోని స్వతంత్ర నిపుణులు. వాళ్లు చేసేది సిఫార్సు. ఇంగ్లీషులో ‘షుడ్’ అన్నా ‘మస్ట్’ అన్నా తెలుగులో ‘చేయాలి’ అనే రాసేస్తాం, చిక్కు అక్కడే వస్తుంది. ‘చేయాలని సిఫార్సు చేశారు’ అని పూర్తిగా రాయండి.

మన జిల్లాకు తగిన ఉదాహరణ తీసుకుందాం: బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగునీరు, పారిశుద్ధ్య హక్కులకు అప్పటి ప్రత్యేక ప్రతినిధి లియో హెల్లర్ 2017 అక్టోబరు 27 నుంచి నవంబరు 10 దాకా మన దేశంలో పర్యటించారు. నివేదిక 2018లో ఐరాస మానవ హక్కుల మండలి ముందుకొచ్చింది. దాని నంబరు ఏ/హెచ్‌ఆర్‌సీ/39/55/యాడ్.1. ఇందులో 39 అంటే మండలి 39వ విడత సమావేశాలు, యాడ్.1 అంటే అనుబంధం. దేశ పర్యటనల నివేదికలు ఇలా అనుబంధాలుగానే వస్తాయి. ఉటంకించేటప్పుడు పేజీ కాదు, పేరా నంబరు ఇవ్వండి. చివరి సిఫార్సుల్లోంచి మీ ఊరికి సరిపోయే పేరా ఒక్కటి చాలు. నివేదికంతా జిరాక్స్ తీసి జతచేస్తే ఎవరూ చదవరు.

ఇంకో మాట. పర్యటన ముగిసిన రోజు ఆయన చేసిన ప్రకటనను కేంద్రం గట్టిగా ఖండించింది. కాబట్టి ఆ ప్రకటన మీద కాదు, తుది నివేదిక మీదే ఆధారపడండి. సర్కారు అభ్యంతరాలు కూడా ముందే చదువుకుని పొండి.

నివేదిక కొలబద్ద మాత్రమే. మీ బోరులో ఏముందో అది చెప్పదు. మోటారు కాసేపు ఆడించాక, అదే నీళ్లతో కడిగిన ప్లాస్టిక్ సీసాలో నమూనా పట్టండి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది, కాబట్టి గాజు సీసా వద్దు. తేదీ, సమయం, బోరు ఎక్కడిదో రాసి ఇద్దరు ఊరివాళ్ల సంతకాలు పెట్టించండి. ల్యాబు పరీక్షలో ఫ్లోరైడ్ లీటరుకు 1.3 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. ‘1.5 దాకా పర్లేదు’ అంటారు అధికారులు. కానీ తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమైన పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 దాకా సడలింపు. వేరే వనరు ఉందా లేదా అని సమాచార హక్కు కింద గ్రామీణ నీటి సరఫరా శాఖను అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

ఇక చట్టం. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 2(1)(డి) అంతర్జాతీయ ఒడంబడికల్లోని హక్కులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అయితే అవి ఇక్కడి కోర్టుల్లో అమలయ్యేవై ఉండాలి. ఈ షరతును చాలామంది మరిచిపోతారు. దానికి జవాబు మన రాష్ట్రం కేసులోనే ఉంది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తాగునీటిని రాజ్యాంగంలోని 21వ అధికరణతో, అంటే జీవించే హక్కుతో, ముడిపెట్టింది, 1977 ఐరాస నీటి సదస్సు తీర్మానాన్నీ ఉటంకించింది. అర్జీలో వరుస ఇలా ఉండాలి: మీ నమూనా, ఆ తర్వాత చట్టం, తీర్పు, చివర్లో నిపుణుడి పేరా. చాలామంది దీన్ని తలకిందులుగా రాస్తారు.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను 2021లో కర్నూలులో తెరిచారు. అక్కడికి ఫిర్యాదు పంపేముందు చిరునామా మళ్లీ సరిచూసుకోండి. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదు. నీటి సమస్య ఇప్పటికీ సాగుతోందని తాజా పరీక్ష తేదీతో చూపండి.

ఐరాస ప్రత్యేక ప్రతినిధులకు నేరుగా కూడా రాయొచ్చు. ముందు ఇక్కడి కోర్టులన్నీ తిరగాలన్న నియమం లేదు. పత్రికా కత్తిరింపులు మాత్రమే పంపితే తీసుకోరు. నిపుణులు ప్రభుత్వానికి లేఖ రాస్తే సాధారణంగా 60 రోజుల తర్వాత అది బయటికొస్తుంది. బాధితుల పేర్లు ప్రభుత్వానికి తెలపాలా, లేఖలో ప్రచురించాలా అన్నది వేర్వేరుగా అడుగుతారు. రెండింటికీ వేర్వేరుగా ఒప్పుకోలు రాయించుకోండి. వద్దన్నవాళ్ల పేరు మీ అర్జీలో కూడా ఉండకూడదు.