మంచి కొలెస్ట్రాల్‌కు నకలు

శ్రోతలకు నమస్కారం.

రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొలెస్ట్రాల్‌ను లాగి కాలేయానికి చేర్చేవి హెచ్‌డీఎల్ రేణువులు. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మంచి కొలెస్ట్రాల్ అంటున్నది వీటినే. ఆ రేణువులో అసలు పని చేసేది అపో ఏ-1 అనే ప్రోటీను. దాని పొడవు 243 అమైనో ఆమ్లాలు. మందుగా వాడాలంటే గ్రాముల లెక్కన రక్తంలోకి ఎక్కించాలి. అంత పెద్దదానికి బదులు అదే పని చేసే చిన్న పెప్టైడు, అంటే కొద్దిపాటి అమైనో ఆమ్లాల గొలుసు, చేసుకుంటే పోలేదా అనుకున్నారు అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన సెగ్రెస్ట్, అనంతరామయ్య బృందం. వాళ్లు చేసిన పెప్టైడులో 18 అమైనో ఆమ్లాలే ఉన్నాయి.

ఆ 18కి ఒక లెక్క ఉంది. ఇలాంటి పెప్టైడు మెలి తిరిగినప్పుడు ఒక్కో చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు పడతాయి. 18 ఉంటే సరిగ్గా 5 చుట్లు. అప్పుడు నీళ్లంటే గిట్టనివన్నీ ఒక పక్కకు, విద్యుదావేశం ఉన్నవన్నీ రెండో పక్కకు చేరతాయి. మొదటి పక్క కొవ్వును పట్టుకుంటుంది, రెండోది రక్తంవైపు ఉంటుంది. ఇందులో మూడో చోట, పద్నాలుగో చోట ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసేసి ఫినైల్ అలనిన్ అనే ఇంకో దాన్ని పెడితే వచ్చిందే 4ఎఫ్.

తయారీ రెసిన్ గింజల మీద, గొలుసు తోక నుంచి తల వైపుకు సాగుతుంది. ఒక అమైనో ఆమ్లం తగిలించాలి, కడగాలి, దాని తలకు ఉన్న రక్షణ తొడుగును పిపరిడిన్ అనే రసాయనంతో ఊడదీయాలి, మళ్లీ తర్వాతిది తగిలించాలి. ఒక్కో విడత 99 శాతం సరిగ్గా జరిగిందనుకుందాం. 17 విడతలు పూర్తయ్యేసరికి నిండు పొడవున్నది సుమారు 84 శాతమే. అదే 243 అమైనో ఆమ్లాలైతే 9 శాతం కూడా మిగలదు. ఒకటి తగ్గిన ముక్కలు శుద్ధి చేసేటప్పుడు అసలుదాని వెంటే దిగి వస్తాయి. ఖర్చంతా వాటిని విడదీయడంలోనే. పైగా తలకు ఎసిటైల్, తోకకు అమైడ్ అనే రసాయన మూతలు తగిలించి రెండు కొసలూ మూయాలి. లేకపోతే కొసల్లోని ఆవేశం మెలికను సడలించేస్తుంది, కొవ్వు మీద పట్టు తగ్గిపోతుంది.

నోటి ద్వారా ఇస్తే ఎంజైములు అరిగించేస్తాయి కదా? అందుకే 4ఎఫ్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసిన డీ రకం అమైనో ఆమ్లాలతో చేశారు. 2002లో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు ఎలుకలకు దాన్ని తాగించారు. పూడిక 79 శాతం తగ్గింది, రక్తంలో కొలెస్ట్రాల్ అంకె మాత్రం మారనే లేదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి చేరింది అత్యల్పం, అయినా హెచ్‌డీఎల్ గుణం కొంత మెరుగైంది. ఇంజెక్షన్‌గా ఇస్తే రక్తంలో దండిగా ఉంది, ఫలితం శూన్యం. అది పనిచేసే చోటు రక్తం కాదు, చిన్నపేగు అన్న వాదన అక్కడే బలపడింది.

పేగుకు చేరాలంటే మోతాదు ఎక్కువ కావాలి, ఖర్చేమో భరించలేం. అప్పుడు కొసలు మూయకపోయినా పనిచేసే 6ఎఫ్ అనే అదే కోవ పెప్టైడును ఎంచుకుని, దాని జన్యువును టమాటా మొక్కలో పెట్టారు. కొసలు మూయడం మొక్కకు చేతకాదు మరి. ఆ టమాటా పొడిని మేతలో 2.2 శాతం కలిపితే ఎలుకల్లో పూడిక తగ్గింది. తెలివైన దారే, కానీ ఎలుకల మాట ఎలుకలదే.

పెద్ద ప్రోటీనునే ఎక్కించిన ప్రయత్నమూ ఉంది. మనుషుల ప్లాస్మా నుంచి తీసిన అపో ఏ-1ను ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వుతో కలిపి చేసిన సీఎస్ఎల్-112 అనే మందును గుండెపోటు వచ్చిన 18,219 మందిలో పరీక్షించారు. మందు ఇచ్చినవాళ్లకు వారానికి 6 గ్రాములు, నాలుగు వారాలు. 2024లో ఫలితం వచ్చింది: 90 రోజుల్లో మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు మందు ఇచ్చినవాళ్లలో 4.8 శాతం, ఇవ్వనివాళ్లలో 5.2. గణాంకాల ప్రకారం ఇది తేడా కిందికి రాదు.

కాబట్టి హెచ్‌డీఎల్ తక్కువగా ఉందని పరిశోధనకు మాత్రమే అని రాసి అమ్మే పెప్టైడు సీసాలు కొనకండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతుంటే దాన్ని మీ అంతట మీరు ఆపకండి. పెప్టైడుల్లో గట్టి ఫలితం చూపింది చెడు కొలెస్ట్రాల్ వైపున ఉన్న ఎన్లిసిటైడ్ అనే మాత్ర. 2023 నాటి పరీక్షలో రోజుకు 30 మిల్లీగ్రాములతో 8 వారాల్లో ఆ చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, సుమారు 60 శాతం తగ్గింది.