ఏ ఫ్రేములో, ఎందుకు? వీడియో గేముల టాస్ రన్‌లకు సూచనలు చెప్పడంపై చర్చ

(నెల్లూరులోని ఒక స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: నెల్లూరుకు చెందిన టాస్ రూపకర్త, కావలికి చెందిన గణితం టీచర్, ఒంగోలుకు చెందిన వీడియో ఎడిటర్.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. వీడియో గేమును వీలైనంత తక్కువ సమయంలో ముగించడాన్ని స్పీడ్‌రన్ అంటాం. అదే పనిని ఎమ్యులేటర్‌లో, అంటే గేము యంత్రాన్ని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, ఒక్కొక్క ఫ్రేము (తెరమీద మారే ఒక్కో బొమ్మ) దగ్గర ఆట ఆపుకుంటూ, ఫలితం నచ్చకపోతే సేవ్ స్టేట్‌తో, అంటే ముందు భద్రపరచుకున్న ఆట స్థితితో, వెనక్కి వెళ్లి మళ్లీ బటన్లు నొక్కుతూ చేస్తే, దాన్ని టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్ అనీ, క్లుప్తంగా టాస్ అనీ అంటున్నారు. ఇలాంటి రన్ చూసినవారు దాన్ని చేసినవారికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈరోజు మన విషయం. రూపకర్త గారూ, మీకు సాధారణంగా ఎలాంటి మాటలు వినపడుతుంటాయి?

రూపకర్త: ఎక్కువగా రెండే మాటలండీ. ఒకటి "అదరగొట్టారు", రెండోది "ఇది మోసం కదా". మొదటిది వింటే సంతోషమే, కానీ దాన్ని పట్టుకుని మర్నాడు నేను దిద్దుకోగలిగేది ఏమీ ఉండదు. రెండోదానికి మాత్రం పాత కారణం ఉంది. 2003లో మోరిమోటో అనే జపాన్ ఆటగాడు సూపర్ మారియో బ్రోస్ 3ని దాదాపు 11 నిమిషాల్లో ముగించిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అది మనిషి చేతులతో ఏకబిగిన ఆడిన ఆట అని చాలామంది నమ్మారు, ఎమ్యులేటర్‌లో కూర్చినదని తర్వాత తెలిసి నొచ్చుకున్నారు. పనిముట్లు వాడటంలో తప్పేమీ లేదు, వాడినట్టు చూసేవాళ్లకు తెలియకపోవడం వల్లనే ఆ చిక్కంతా వచ్చింది. అందుకే నేను చేసిన ప్రతి రన్‌లో మొదటి తెరమీదనే ఆ సంగతి రాసి పెడతాను. రాయడం మరిచిపోతే చెప్పండి, అది నిజంగా నాకు పనికొచ్చే సూచన అవుతుంది.

ఎడిటర్: నేను మా ప్రాంతంలో బండలాగుడు పోటీలు షూట్ చేస్తుంటాను. అక్కడ రెండు పళ్ల గిత్తలను సీనియర్స్ జతతో పోల్చి ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు. ఏ జత ఏ విభాగంలో దిగిందో ఆ విభాగం కొలతతోనే చూస్తారు, ఇచ్చిన సమయంలో బండ ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు కదిలిందో టేపు పెట్టి చెబుతారు. టాస్‌ను చేత్తో ఆడిన రన్‌తో పోల్చి మోసమనడం విభాగం తెలుసుకోకుండా మాట్లాడటమే అవుతుంది.

సమన్వయకర్త: టీచర్ గారూ, మీరు రన్‌లు చేయరు, కానీ ఏళ్లుగా సూచనలు చెబుతున్నారు. మీ పద్ధతి ఏమిటి?

టీచర్: నేను చేసిన ఒక తప్పు నుంచే ఆ పద్ధతి పుట్టిందండీ. ఒక రన్‌లో గెంతు ఆలస్యమైందని నాకు అనిపించి, రూపకర్తకు పేజీన్నర రాశాను. శత్రువు తగిలినప్పుడు బొమ్మ మినుకుమినుకుమనాలి, వీడియోలో అది కనపడలేదు కాబట్టి దెబ్బే తగల్లేదనుకుని, మరి అక్కడ ఎందుకు ఆగారని నిలదీశాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ గేము సెకనుకు సుమారు 60 ఫ్రేములు చూపిస్తుంది, నేను చూసిన వీడియో 30 ఫ్రేములదే. ఒక ఫ్రేములో కనిపించి మరుసటి ఫ్రేములో మాయమయ్యే బొమ్మను ఫ్రేము విడిచి ఫ్రేము రికార్డు చేస్తే, అది మొత్తంగా కనిపిస్తూనే ఉంటుంది, లేదా అసలు కనిపించదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనకుండా, "ఇన్‌పుట్ ఫైలు పంపుతున్నాను, ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరిపి చూడండి" అన్నారు. చూశాను, సిగ్గుపడ్డాను. ఆనాటి నుంచి వీడియో చూసి తీర్పు చెప్పడం మానేశాను. ఏ క్షణంలో ఏ బటన్ నొక్కారో రాసి ఉన్న ఫైలే అసలు రన్, వీడియో దాని ఫోటో మాత్రమే.

సమన్వయకర్త: ఫైలు చూశాక ఏం రాస్తారు?

టీచర్: ఎన్నో ఫ్రేములో, నాకు ఏం కనిపించింది, దాని బదులు నేను ఏం నొక్కి చూశాను, ఎన్ని ఫ్రేములు తగ్గాయి అని రాస్తాను. నేను స్వయంగా నొక్కి చూడకపోతే "పరీక్షించలేదు" అన్న మాట తప్పకుండా చేరుస్తాను. ఎందుకంటే ఆ ఒక్క మాట లేకపోతే ఎదుటి మనిషి రాత్రంతా కూర్చుని, నా ఊహను నిజమనుకుని ప్రయత్నిస్తాడు.

రూపకర్త: టీచర్ గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. ఆదా చేసిన ఫ్రేములన్నీ లాభం కావు. 1985 నాటి సూపర్ మారియో బ్రోస్‌లో ఒక లెవెల్ ముగిసి తర్వాతి లెవెల్‌కు వెళ్లడానికి ఆట 21 ఫ్రేములకు ఒకసారే అనుమతిస్తుంది. మన ఊళ్లో రైలు గేటు పడితే ముందొచ్చిన ఆటో, చివర్లో వచ్చిన ఆటో గేటు లేచాకే కదులుతాయి చూడండి, అలాగన్నమాట. మొదటి లెవెల్లో మూడు ఫ్రేములు మిగిల్చే ఉపాయాన్ని కష్టపడి కనిపెట్టి నాకు చెప్పినవారున్నారు. ఆ మూడూ గేటు దగ్గర నిలబడటానికే సరిపోయాయి. అదే 8-4 అనే చివరి లెవెల్లో గొడ్డలిని తాకగానే సమయం లెక్క ముగుస్తుంది, అక్కడ గేటు లేదు కాబట్టి ఒక్క ఫ్రేము మిగిలినా నాకు పండుగే. సూచన చెప్పేవారు ఆ గేము లోపలి లెక్క కొంతైనా తెలుసుకుంటే, వారి శ్రమ సరైన చోట పడుతుంది.

ఎడిటర్: అయితే ఈ లెక్కలు తెలియని నాలాంటివాడు నోరు మూసుకోవాలా?

టీచర్: లేదండీ, అలా అనను. కానీ మీరు ఏ హోదాలో చెబుతున్నారో స్పష్టంగా ఉండాలి.

ఎడిటర్: నా హోదా ప్రేక్షకుడిది. తెర తనంతట తానే మెల్లగా జరిగే లెవెళ్లలో ఎంత నేర్పున్నా సమయం తగ్గదు. అక్కడ రన్ చేసేవారు శత్రువుల తలల మీద వరసగా గెంతుతూ ప్రాణాలు పోగుచేస్తారు, సంగీతానికి తగ్గట్టు ఊగుతారు. అక్కడ నాకు విసుగు పుడితే ఆ విసుగు నిజమే, దానికి గణితం అక్కర్లేదు. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చునేవాడిగా చెబుతున్నాను, ఒకే చమత్కారం నాలుగోసారి వస్తే చెయ్యి కత్తెర మీదికి పోతుంది.

రూపకర్త: ఆ మాట నాకు కావాలి. ఒకే ఫైలును నెలల తరబడి చూసిన కంటికి విసుగు ఎక్కడ మొదలవుతుందో కనపడదు. అయితే "నాకు విసుగనిపించింది" అనండి, "ఇది తప్పు" అనకండి. మొదటి మాటకు నేను ఆలోచిస్తాను, రెండోదానికి వాదిస్తాను.

సమన్వయకర్త: ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ రికార్డు చేశారో ఆ అంకెను బట్టి మెచ్చుకునేవారున్నారు కదా?

రూపకర్త: ఆ అంకె పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రోగ్రాం రాసి వదిలితే ఒక్క రాత్రిలో లక్షలు దాటుతుంది.

సమన్వయకర్త: మరి సూచన ఎప్పుడు చెప్పాలి?

రూపకర్త: ఇదే అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. చాలా గేముల్లో యాదృచ్ఛిక సంఖ్య ప్రతి ఫ్రేముకూ మారుతుంది. శత్రువు ఎటు తిరగాలి, ఏ వస్తువు రాలాలి అన్నది దాన్ని బట్టే ఉంటుంది. రెండో లెవెల్లో ఒక్క ఫ్రేము తీసేస్తే, ఆ తర్వాత నేను నొక్కిన బటన్లన్నీ మరో ప్రపంచంలో నొక్కినట్టవుతాయి. దాన్నే డీసింక్ అంటాం, మారియో నేరుగా నడిచి గుంటలో పడతాడు. ఎనిమిదో లెవెల్ ముగిశాక రెండో లెవెల్ గురించి మంచి సూచన వస్తే, అది ఎంత సరైనదైనా నాకు కన్నీళ్లే మిగులుతాయి. అలాగని దాచిపెట్టమనడం లేదు, తర్వాతి ప్రయత్నానికి పనికొస్తుంది. కానీ పని నడుస్తుండగానే చూసేవారు ఒక్కరున్నా నా నెలలు మిగులుతాయి.

టీచర్: అందులో మీ బాధ్యత కూడా ఉంది, తమ్ముడూ. ముగిసేదాకా చూపించకుండా దాచుకుంటే మేమెలా చెబుతాం? సగం ఫైలు చూపించడానికి చాలామందికి మొహమాటం.

రూపకర్త: నిజమే టీచర్ గారూ, ఒప్పుకుంటున్నాను. ప్రస్తుతం చేస్తున్నది మూడో లెవెల్ దాకా వచ్చింది. ఈ రాత్రికే పంపిస్తాను.

టీచర్: ఆదివారం దాకా పరీక్ష పేపర్లు దిద్దాలి. సోమవారం కూర్చుంటాను, అప్పటిదాకా నాలుగో లెవెల్ మొదలుపెట్టకండి.