"బాత్రూంకి టైల్స్ వేయాలి": గొడవంతా ఈ ఒక్క లైన్‌లోనే ఉంది

ఇంటి పనికి ఓనరూ కాంట్రాక్టరూ కాగితం రాసుకోండి అంటే, "మా మధ్య నమ్మకం ఉందండీ, అగ్రిమెంట్ ఎందుకు?" అంటారు. ఈ మాట వింటేనే చిరాకు. ఉండనివ్వండి నమ్మకం. టైల్స్ ఎంత ఎత్తు దాకా వేయాలో అది చెప్పదు కదా!

[స్క్రీన్ మీద: "బాత్రూంకి టైల్స్ వేయాలి"]

ఓనర్ మనసులో సీలింగ్ దాకా. కాంట్రాక్టర్ లెక్కలో ఏడడుగులు. టైల్స్ ఎవరు కొనాలి? కటింగ్‌లో పోయే వేస్టేజీ ఎవరి ఖాతా? వాటర్‌ప్రూఫింగ్ ఈ రేటులోదేనా?

వీటన్నిటికీ జవాబు అగ్రిమెంట్‌లో ఉండాలి. ఉదాహరణకి వాటర్‌ప్రూఫింగ్ గురించి ఇలా రాయండి.

[స్క్రీన్ మీద: "నేలకీ, గోడకి ఒక అడుగు ఎత్తు వరకూ వాటర్‌ప్రూఫింగ్, రెండు కోటింగులు. ఆరాక 24 గంటలు నీళ్లు నిలబెట్టాలి. కింద చెమ్మ లేదని ఇద్దరూ చూశాకే టైల్స్. వాలు డ్రైన్ వైపు, మీటరుకి కనీసం 10 మి.మీ."]

వరస ముఖ్యం. టైల్స్ వేశాక కారితే తప్పు పైపుదో, కోటింగ్‌దో తేలాలంటే చాలాసార్లు పగలగొట్టాల్సి వస్తుంది. ఆ ఖర్చు మీదే అసలు కొట్లాట.

ఇక డబ్బు. "సగం పనయ్యాక 50 శాతం" అంత పనికిమాలిన క్లాజు ఇంకోటి లేదు. ఎవరి లెక్కన సగం? నీళ్ల పరీక్ష పాసయ్యాక ఇంత, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు నింపడం) పూర్తయ్యాక ఇంత అని కంటికి కనిపించే పనికి ముడిపెట్టండి. చివరి 5 నుంచి 10 శాతం, మిగిలిన చిన్న రిపేర్ల లిస్టు పూర్తయ్యాక. బిల్లు ఇచ్చిన ఎన్ని రోజుల్లో కట్టాలో కూడా రాయాలి. కాంట్రాక్టర్‌కి మాత్రమే గడువులు పెడితే కుదరదు.

మధ్యలో ఓనర్ "ఈ గోడలో ఓ గూడు పెట్టండి" అంటారు. "సరే సార్." రేటు మాట ఎవరూ ఎత్తరు. ఫైనల్ బిల్లులో పేలుతుంది. అందుకే మార్పు ఏదైనా సరే, రేటూ అదనపు రోజులూ రాసుకున్నాకే చెయ్యి పెట్టాలి. వాట్సాప్‌లో ఒప్పుకుంటే చాలా, సంతకం కావాలా అన్నదీ ముందే రాసేయండి. పాత టైల్స్ తీస్తే కింద కుళ్లిన పైపు బయటపడిందా? పని ఆపి, ఫోటో తీసి, రేటు ఒప్పుకున్నాకే ముందుకు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఆలస్యానికి రోజుకింత కోత, దానికో గరిష్ఠ పరిమితి. ఓనర్ టైల్స్ ఎంచుకోవడంలో లేటైతే ఆ రోజులు గడువుకి కలపాలి. వారంటీ ఎన్ని నెలలు, ఫోన్ చేశాక ఎన్ని రోజుల్లో వచ్చి చూడాలి. మధ్యలో ఆపేస్తే ముందు నోటీసు, తర్వాత ఇద్దరి ఎదుటా అప్పటిదాకా అయిన పనికి కొలతలు. కొలతలు తేలకపోతే ఏ ఇంజనీరు మాట ఖాయమో పని మొదలవకముందే పేరుతో సహా రాసుకోండి. ఆయన ఫీజు చెరిసగం.