మొదటి వారం నంబర్ వన్‌ను నేను నమ్మను

వీక్షకులందరికీ తిరుపతి నుంచి నమస్కారం.

శుక్రవారం విడుదలై, ఏడు రోజులు తిరిగేసరికి, పాటలకు వారం వారం స్థానాలిచ్చే చార్టులో ఒకటో స్థానంలో కూర్చున్న పాటను హిట్ అని పిలవడం అబద్ధం. ఈ మాటను మర్యాద కోసం తగ్గించి చెప్పను. మొదటి వారపు నంబర్ వన్ అబద్ధం. అది పాట గురించి మనకు ఏమీ చెప్పదు. పాట కోసం ముందుగానే ఎంతమంది సిద్ధమై కూర్చున్నారో మాత్రమే చెబుతుంది. పాట సంగతి తేల్చేది రెండో వారం.

2023 ఏప్రిల్‌లో కొరియా పాటల బృందం బీటీఎస్‌లోని జిమిన్ పాడిన ‘లైక్ క్రేజీ’, అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం ప్రకటించే వంద పాటల చార్టు హాట్ 100లో కొత్తగా చేరుతూనే ఒకటో స్థానం అందుకుంది. మరుసటి వారం ఆ పాట నలభై అయిదో స్థానంలో ఉంది. ఒకటి నుంచి నలభై అయిదుకు, ఒక్క వారంలో! 2020లో అదే బృందం పాడిన ‘లైఫ్ గోస్ ఆన్’ కూడా చేరుతూనే ఒకటో స్థానంలో నిలిచి, వారానికే ఇరవై ఎనిమిదికి దిగిపోయింది. ఆ తరువాత రేగిన గొడవ ఇది. కొరియా గాయకుల అభిమానులు డబ్బు పోసి స్థానాలు కొంటున్నారని ఒక వర్గం అంటుంది, అమెరికా గాయనికి అదే జరిగితే ఎవరూ నోరెత్తరని అభిమానులు అంటారు. నేను అభిమానుల పక్షాన ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే వారి మాట నిజం: టేలర్ స్విఫ్ట్ పాడిన ‘విల్లో’ 2020 డిసెంబరులో ఒకటో స్థానంలో చేరి, మరుసటి వారం ముప్ఫై ఎనిమిదికి పడింది. అప్పుడు ఇంత రభస జరగలేదు. మన ఊరి కళాశాలల్లో చదువుకుంటూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కొరియా పాటలు వింటున్న అమ్మాయిలను మోసగాళ్ల జాబితాలో చేర్చడానికి ఎవరికీ హక్కు లేదు. తప్పు ఆ పిల్లలది కాదు, ఆ గాయకులదీ కాదు. నిన్న పుట్టిన పాటకు ఈ రోజు పట్టం కట్టే చార్టుదే తప్పు.

నాకు ఈ నమ్మకం ఒక దుకాణంలో కలిగింది. 1990లలో తిరుపతి గాంధీ రోడ్డుకు దగ్గరలో మా మేనమామకు పాటలు రికార్డు చేసి ఇచ్చే చిన్న దుకాణం ఉండేది. జనం ఖాళీ క్యాసెట్ తెచ్చుకొని, తమకు కావలసిన పాటలను ఒక చీటీ మీద రాసి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఇన్ని పాటలు, తొంభై నిమిషాలదైతే అన్ని పాటలు అని మామయ్య లెక్క చెప్పేవాడు. పని పూర్తయిన చీటీలను ఒక ఇనుప కమ్మికి గుచ్చి ఉంచేవాడు. వేసవి సెలవుల్లో నాకు అప్పగించిన పని ఆ చీటీలను విప్పి, ఏ పాటను ఎంతమంది అడిగారో నోటుపుస్తకంలో గీతలు గీయడం. అంటే నాకు పన్నెండేళ్లు నిండకముందే నేను వారం వారం చార్టు తయారు చేశాను.

కొత్త సినిమా పాటలు వచ్చిన మొదటి వారం చీటీలన్నీ ఒకే రకంగా ఉండేవి. కథానాయకుడి అభిమానులు గుంపుగా వచ్చి, ఒకే చేతిరాతతో, ‘అన్ని పాటలూ’ అని రాసి ఇచ్చేవారు. రెండో వారానికి ఆ గుంపు పలచబడేది. నాలుగో వారమో అయిదో వారమో అసలు మనుషులు వచ్చేవారు: పెళ్లి ఊరేగింపు కోసం క్యాసెట్ చేయించుకునే ఆడపెళ్లివారు, రాత్రి బస్సు నడిపే డ్రైవర్లు, గుడి ముందు పూలు అమ్ముకునే అక్కలు. వారిలో చాలామందికి సినిమా పేరు తెలిసేది కాదు, పాట మొదటి మాట కూడా గుర్తుండేది కాదు, కూనిరాగం తీసి చూపించి, ‘ఆ పాట ఉందా’ అని అడిగేవారు. అప్పుడు మామయ్య నా వైపు తిరిగి, “అబ్బోడా, పేరు తెలీకుండా రాగం తీసి అడిగినారంటే ఆ పాటకు ఇంక తిరుగులేదు, రాసుకో” అనేవాడు. నా నోటుపుస్తకంలో మొదటి వారం పైన ఉన్న పాటల్లో సగానికి పైగా ఆరో వారానికి కనిపించేవి కావు. ఆ పుస్తకం నేర్పిన పాఠాన్ని ఇంతవరకు ఏ చార్టూ అబద్ధం చేయలేకపోయింది.

అసలు చార్టు అనేదే మెట్ల మీద పుట్టిన ఆలోచన. బ్రిటన్‌లో తొలి సింగిల్స్ (విడిగా విడుదలయ్యే పాటల) చార్టు 1952 నవంబరు 14న వచ్చింది. ఒక పత్రిక ఉద్యోగి ఇరవై దాకా రికార్డుల దుకాణాలకు ఫోను చేసి, ఏవి బాగా అమ్ముడుపోతున్నాయో అడిగి దాన్ని తయారు చేశాడు. సరిగ్గా పంతొమ్మిది రోజుల తరువాత, 1952 డిసెంబరు 3న, రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల వారపు కార్యక్రమం మొదలైంది. కొద్దికాలానికే అందులో పాటలకు స్థానాలు వచ్చాయి. ఆయన వాటిని స్థానాలు అనలేదు, ‘పాయ్‌దాన్’ అన్నాడు. పాయ్‌దాన్ అంటే మెట్టు. ఈ వారం ఈ పాట ఏ మెట్టు మీద ఉంది, పోయిన వారం కన్నా ఎన్ని మెట్లు ఎక్కింది అని ఆయన చెబుతుంటే హిందీ రాని మా అమ్మమ్మ కూడా రేడియో దగ్గర కూర్చునేదట. తిరుపతిలో పుట్టినవాడికి మెట్టు విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండ చేరినవాడి మోకాళ్లకు తెలిసినది, ఘాట్ రోడ్డు మీద కారులో చేరినవాడికి తెలియదు. ఇద్దరికీ దర్శనం అవుతుంది, అందులో సందేహం లేదు. కానీ ‘మెట్లెక్కి వచ్చాను’ అనే మాటను రెండోవాడు అనకూడదు. మొదటి వారపు నంబర్ వన్ ఆ మాటే అంటున్నది.

హాట్ 100 చార్టు 1958 ఆగస్టు 4న మొదలైంది. అప్పటి నుంచి 1995 సెప్టెంబరు దాకా, ముప్ఫై ఏడేళ్లలో, ఒక్క పాట కూడా చేరిన వారమే ఒకటో స్థానంలో నిలవలేదు. బీటిల్స్ వారి పాటలన్నీ ఎక్కవలసిన మెట్లు ఎక్కే వచ్చాయి. ఆ గోడను మొదట దాటినది మైకేల్ జాక్సన్ పాడిన ‘యు ఆర్ నాట్ అలోన్’. మధ్యలో జరిగినదేమిటంటే, 1991 నవంబరులో బిల్‌బోర్డ్ దుకాణదారుల నోటిమాటను వదిలి, బిల్లింగు యంత్రం చదివిన అమ్మకాలనూ, రేడియోలో పాట మోగిన సంఖ్యను పట్టే యంత్రాలనూ నమ్ముకుంది. పాత పద్ధతిలో దుకాణదారులు తమకు ఇష్టమైన పేర్లు చెప్పే అవకాశం ఉండేదని నేను ఒప్పుకుంటాను, యంత్రం నిజాయతీగా లెక్కపెట్టిందనీ ఒప్పుకుంటాను. అయితే కంపెనీలు ఆ యంత్రానికి తగిన ఎత్తు నేర్చుకున్నాయి. పాటను వారాల తరబడి రేడియోలో మోగించి, దుకాణానికి మాత్రం పంపకుండా ఆపి, జనం అడిగి అడిగి విసిగాక ఒకేసారి వదిలేవారు. ఆ వారం అమ్మకాలన్నీ ఒక్కచోట కుప్పపడి పాట నేరుగా పైన కూర్చునేది. ఈ రోజు పాట ముక్కలు నెలరోజుల ముందు నుంచే చిన్న వీడియోల్లో తిప్పి, శుక్రవారం నాడు వదలడం అదే ఎత్తు. 2020లో టీషర్టులతోనో కచేరీ టికెట్లతోనో కలిపి అంటగట్టిన అమ్మకాలను లెక్కలోంచి తీసివేస్తామని బిల్‌బోర్డే ప్రకటించవలసి వచ్చిందంటే, అంతకు ముందు లెక్కించినది పాటనా, బట్టలనా?

ఆల్బముల సంగతి ఇంకా ఘోరం. 2022లో టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ వచ్చిన వారం హాట్ 100లో మొదటి పది స్థానాలూ ఆమెవే. 2024లో మరో ఆల్బమ్ వచ్చినప్పుడు మొదటి పద్నాలుగు స్థానాలు ఆమెవే. ఆమె ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు, కానీ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి విన్న శ్రోత పద్నాలుగు పాటలకు పద్నాలుగు ఓట్లు వేసినట్టు లెక్క కట్టే పద్ధతిని ఏమనాలి? మా మామయ్య దుకాణంలో ‘అన్ని పాటలూ’ అని రాసిన చీటీ అదే. 2017లో ఎడ్ షీరన్ ఆల్బమ్ వచ్చిన వారం బ్రిటన్ చార్టులో మొదటి ఇరవైలో పదహారు పాటలు అతనివే అయ్యేసరికి అక్కడి వారికి కళ్లు తెరుచుకున్నాయి. ఆ జులై నుంచి ఒక గాయకుడికి చార్టులో మూడు పాటలు మించకూడదని నియమం పెట్టారు. మొదటి వారం అబద్ధమని ఆ నియమంతో వారే సంతకం చేసి ఇచ్చారు.

నన్ను అన్నిటికన్నా మండించేది వేరొకటి ఉంది. అదే 2017 జులైలో బ్రిటన్ చార్టు మరో నియమం కూడా తెచ్చింది. పది వారాలు దాటిన పాట వరుసగా మూడు వారాలు తగ్గుముఖం పడితే, దాని స్ట్రీమింగ్ విలువను, అంటే ఇంటర్నెట్‌లో విన్న లెక్కకు ఇచ్చే విలువను, సగానికి కోసేస్తారు. కొత్త పాటలకు చోటు కావాలట! పది వారాలుగా జనం వదలకుండా వింటున్న పాటకు కోత, ఏడు రోజుల క్రితం పుట్టిన పాటకు పూర్తి విలువ. 1985లో కేట్ బుష్ పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక ధారావాహికలో వినిపించి, 2022లో ప్రపంచమంతా మళ్లీ మోగినప్పుడు, ఈ కోత నుంచి దానికి ప్రత్యేక మినహాయింపు ఇస్తే తప్ప అది జూన్‌లో ఒకటో స్థానానికి చేరలేదు. ముప్ఫై ఏడేళ్ల తరువాత మనుషుల గుండెల్లోంచి లేచి వచ్చిన పాటకు మినహాయింపు కావలసి వచ్చింది. ఈ బాధ తిరుపతి వారికి అర్థమైనంతగా మరెవరికి అర్థమవుతుంది? 1503లో కన్నుమూసిన అన్నమయ్య కీర్తనలు కొండ మీద ఒక అరలో రాగిరేకుల మీద శతాబ్దాలు నిద్రపోయి, 1922లో వెలుగు చూసి, ఈ రోజు తెల్లవారుజామున మన వీధుల్లో వినిపిస్తున్నాయి.

ఎదురు ఉదాహరణ కావాలంటే గ్లాస్ యానిమల్స్ అనే బ్రిటిష్ బృందం పాడిన ‘హీట్ వేవ్స్’ చూడండి. హాట్ 100లో కిందనెక్కడో చేరిన ఆ పాట, మెట్టు మెట్టు ఎక్కి, చేరిన యాభై తొమ్మిదో వారంలో, 2022 మార్చిలో ఒకటో స్థానాన్ని అందుకుంది. అంతకాలం పట్టిన పాట అప్పటి దాకా మరొకటి లేదు. ఆ యాభై తొమ్మిది వారాల్లో ఎన్ని కొత్త పాటలు కారులో దూసుకువచ్చి, దాన్ని దాటి, తిరుగు ప్రయాణం కట్టి ఉంటాయో ఊహించుకోండి. పేరు తెలియకుండా రాగం తీసి అడిగే పాట అంటే అది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోకండి. మన తెలుగు సినిమాకు శతదినోత్సవం ఉండేది, ఏ ఊళ్లో ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు ఆడిందో పోస్టర్ మీద వేసేవారు. ఈ రోజు మొదటి రోజు వసూళ్ల పోస్టరే చివరి పోస్టర్. లిరికల్ వీడియో వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని కోట్ల వీక్షణలు అనేదే మన చార్టు అయిపోయింది. 2019లో ఒక భారతీయ రాప్ వీడియోకు ఒక్కరోజులో ఏడున్నర కోట్ల వీక్షణలు వచ్చాయని చాటిన తరువాత, వాటిలో డబ్బిచ్చి వేయించిన ప్రకటనల వాటా ఎంత అనే వివాదం లేచింది. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్, ప్రకటనలుగా నడిచిన వీక్షణలను తన సంగీత చార్టుల నుంచీ ఇరవై నాలుగు గంటల రికార్డుల నుంచీ తొలగించింది. మొదటి రోజు మోసం ఎంత సులభమో మన దేశమే లోకానికి చూపించింది.

నేను అడుగుతున్నది ఒక్కటే. కొత్తగా చేరిన పాటలను మొదటి వారం గడప దగ్గర నిలబెట్టాలి. వాటి పేర్లు విడిగా ప్రకటించండి, ఎంతమంది విన్నారో చెప్పండి, అభిమానులు పండుగ చేసుకోనివ్వండి. స్థానం మాత్రం ఇవ్వకండి. రెండో వారం వచ్చిన వినికిడితోనే మెట్టు నిర్ణయించండి. అభిమానులు రెండో వారం కూడా డబ్బు పోస్తే ఏం చేస్తారని అడుగుతారు. అప్పుడు ఎన్నిసార్లు విన్నారన్నది పక్కన పెట్టి, ఎంతమంది వేర్వేరు మనుషులు విన్నారో లెక్కపెట్టండి. స్ట్రీమింగ్ సంస్థలకు తమ చందాదారులెవరో తెలుసు, కాబట్టి ఆ లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. ఒక గదిలో నాలుగు ఫోన్లు పెట్టి రాత్రంతా ఒకే పాట తిప్పే పని అప్పుడు ఎవరికీ పనికిరాదు.

వచ్చే శుక్రవారం నుంచి నేను మళ్లీ నోటుపుస్తకం తీస్తున్నాను. చార్టులో కొత్తగా చేరిన ప్రతి పాటను ఎడమవైపు రాస్తాను, రెండో వారం అది ఎక్కడ ఉందో కుడివైపు రాస్తాను, ఆరు వారాల పాటు ఆ పుటలను ఈ ఛానెల్‌లో చూపిస్తాను. మీ ఇంట్లోనో, మీ బస్సులోనో, మీ వీధి చివరి టీ కొట్టులోనో పేరు తెలియకుండా ఎవరైనా రాగం తీస్తున్న పాట వినబడితే, పది సెకన్లు రికార్డు చేసి నాకు పంపండి. వాటికి పుస్తకంలో వేరే పుట కేటాయించాను.